డ్రమ్ము మీద పేరుంటే చాలదు

రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగిందంటే ఒకటి రెండు రోజుల్లోనే 'కార్మికుల నిర్లక్ష్యం' అన్న వివరణ ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. ఆ మాట నిలబడాలంటే ముందు మూడు సంగతులు తేలాలి. చేస్తున్న పనిలో ప్రమాదం ఏమిటో ఆ మనిషికి ఎవరైనా చెప్పారా? చెప్పింది ఆయనకు అర్థమయ్యేలా చెప్పారా? ముప్పు ముంచుకొస్తోందని తెలిశాక పని ఆపే వీలు ఆయనకు ఉందా? మన చట్టం మొదటి ప్రశ్నకు దాదాపు నాలుగు దశాబ్దాల కిందటే జవాబు చెప్పింది. రెండో ప్రశ్నకు సగం జవాబు ఇచ్చింది. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోనే ఆగిపోయింది. రసాయనాల ప్రమాదాన్ని కార్మికుడికి తెలియజేయడమనే వ్యవహారమంతా ఈ మూడో ప్రశ్న దగ్గరే తేలాలన్నది ఈ వ్యాసం వాదన.

పటాన్‌చెరు, జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం. ఈ ఊళ్లు మనకు ఉద్యోగాల వల్ల ఎంత పరిచయమో ప్రమాదాల వల్లా అంతే పరిచయం. మందుల ముడిసరుకు తయారుచేసే యూనిట్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఒక్కో షెడ్డులో కెమిస్టు, ఆపరేటరు, హెల్పరు ఒకే రియాక్టరు చుట్టూ తిరుగుతుంటారు. కానీ ఆ రియాక్టరులో ఉన్నదాని గురించి ముగ్గురికీ తెలిసినదాంట్లో పొంతన ఉండదు. కెమిస్టు రసాయనశాస్త్రం చదివి వచ్చాడు. ఆపరేటరు ఏళ్ల తరబడి చేసి నేర్చుకున్నాడు. హెల్పరును కాంట్రాక్టరు తెచ్చాడు. డ్రమ్ము మూత తీసేది, మ్యాన్‌హోల్‌లోంచి పౌడరు పోసేది, ఫిల్టరు గుడ్డలు దులిపేది ఎక్కువగా ఈ మూడో మనిషే. సమాచారం పైనుంచి కిందికి దిగేకొద్దీ పలచబడుతుంది, ప్రమాదం మాత్రం చిక్కబడుతుంది.

భోపాల్ తర్వాత వచ్చిన హక్కు

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ప్లాంటులో మిథైల్ ఐసోసైనేట్ లీకవుతున్న సంగతిని ముందుగా పట్టుకున్నవి కార్మికుల కళ్లు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే రాత్రి పదకొండున్నర ప్రాంతంలో పైవాళ్లకు చెప్పారు. టీ తాగాక చూద్దామనుకున్నారు. ఆ తర్వాత జరిగింది లోకానికి తెలుసు. ఆ వాయువుకు పని ప్రదేశంలో అనుమతించే సగటు పరిమితి 0.02 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం). మనిషికి మంట తెలిసేది సుమారు 2 పీపీఎం దగ్గర. అంటే కళ్లు హెచ్చరించే సమయానికే గాలిలో వాయువు పరిమితికి వంద రెట్లు చేరి ఉంటుంది. అయినా కళ్లు మండటాన్నే లీకు గుర్తుపట్టే సాధనంగా వాడే అలవాటు అక్కడ పాతుకుపోయింది. తెల్లవారేసరికి ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారు. వాళ్లు పీల్చింది ఏమిటో, దానికి విరుగుడు ఏమిటో వైద్యం చేస్తున్న డాక్టర్లకే తెలియదు.

ఆ చేదు అనుభవంతోనే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చారు. అందులోని 41బి సెక్షన్ ప్రకారం యజమాని తన కర్మాగారంలోని ప్రమాదాలను, ఆరోగ్యానికి కలిగే హానిని, తప్పించుకునే మార్గాలను కార్మికులకు, చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల జనానికి వెల్లడించి తీరాల్సి ఉండేది. 41సి ప్రకారం కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉంచాల్సి, ఏడాదికి మించని వ్యవధిలో వైద్య పరీక్షలు చేయించాల్సి ఉండేది. తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారాన్ని అడిగి తెలుసుకునే హక్కును 111ఎ కార్మికుడికి ఇచ్చింది. ఈ అధ్యాయంలోని ముఖ్యమైన సెక్షన్లను ఉల్లంఘిస్తే 96ఎ కింద ఏడేళ్ల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉండేవి. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలు ప్రతి రసాయనానికీ భద్రతా సమాచార పత్రం ఉండాలని, ప్రతి పాత్ర మీదా లోపల ఏముందో, ఎవరు తయారు చేశారో, దాని గుణాలేమిటో తెలిపే లేబుల్ ఉండాలని చెప్పాయి.

అమెరికాలో ఈ హక్కు వేరే దారిలో వచ్చింది. తాము రోజూ ముట్టుకునే డ్రమ్ముల్లో ఏముందో చెప్పాలంటూ 1970ల చివర కార్మిక సంఘాలు, పర్యావరణ కార్యకర్తలు ఉద్యమించారు. 1981లో ఫిలడెల్ఫియా నగరం ఇందుకోసం ఒక స్థానిక చట్టం చేసింది. 1983 నవంబరులో అమెరికా వృత్తి భద్రతా సంస్థ దేశమంతటికీ వర్తించే నియమం తెచ్చింది. మొదట తయారీ పరిశ్రమలకే పరిమితమైన ఆ నియమాన్ని 1987లో మిగతా రంగాలకూ విస్తరించారు. అక్కడ హక్కు కిందినుంచి అడిగితే వచ్చింది, ఇక్కడ మహావిపత్తు తర్వాత పైనుంచి ఇస్తే వచ్చింది. అడిగి సాధించుకున్న హక్కును వాడుకోవడం అలవాటవుతుంది. ఇచ్చిన హక్కు ఎక్కువగా ఫైల్లోనే ఉండిపోతుంది.

2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. సమాచారం పొందే హక్కు కొత్త కోడ్‌లోనూ ఉంది. పేర్లు, సెక్షన్ల నంబర్లు మారినా పాత చట్టం వదిలేసిన ఖాళీ అలాగే ఉంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఒక మిథనాల్ డ్రమ్ము

ఇప్పుడు ప్రపంచంలో చాలా దేశాలు రసాయనాల ప్రమాదాన్ని ఒకే పద్ధతిలో చెబుతున్నాయి. 1992 రియో ధరిత్రీ సదస్సులో బీజం పడిన ఈ ఏకరూప విధానాన్ని ఐక్యరాజ్యసమితి 2003లో తొలిసారి ప్రచురించింది. ఎర్రటి వజ్రాకారపు గీతల్లో తొమ్మిది బొమ్మలు, 'ప్రమాదం', 'హెచ్చరిక' అనే రెండు సంకేత పదాలు, ఒక్కో హానికి ఒక్కో నంబరు, పదహారు భాగాల సమాచార పత్రం. స్థూలంగా చెప్పాలంటే ఆ విధానం ఇదే.

మన ఫార్మా షెడ్లలో నిత్యం కనిపించే మిథనాల్ డ్రమ్మునే చూద్దాం. దాని లేబుల్ మీద 'ప్రమాదం' అనే పదం, మూడు బొమ్మలు ఉంటాయి. మొదటిది మంట. మిథనాల్ ఆవిరి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు తగిలితే అంటుకుంటుంది. మన దగ్గర చలికాలం తెల్లవారుజామున కూడా షెడ్డులో సాధారణంగా అంతకంటే ఎక్కువ వేడే ఉంటుంది. రెండోది పుర్రె, ఎముకలు. మింగినా, పీల్చినా, చర్మానికి తగిలినా విషమని దాని అర్థం. మూడోది ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టుండే మనిషి బొమ్మ. శరీర అవయవాలు దెబ్బతింటాయని ఇది చెబుతుంది. మిథనాల్ విషయంలో ఆ అవయవం కంటి నరం, చూపే పోవచ్చు. తెలియనివాళ్లు ఈ మూడో బొమ్మను గుండెజబ్బు బొమ్మ అనుకుంటే తప్పు పట్టలేం. ఇంకో సంగతి ఏ బొమ్మలోనూ లేదు. పట్టపగలు వెలుతురులో మిథనాల్ మంట దాదాపు కంటికి కనబడదు. మంట కనిపిస్తే పరిగెత్తాలని మాత్రమే నేర్చుకున్న మనిషికి ఆ నేర్పు ఇక్కడ అక్కరకు రాదు.

ఇక్కడ మరో తికమక ఉంది. గోదాము గోడల మీద, ట్యాంకుల మీద కనిపించే నాలుగు రంగుల వజ్రం అమెరికా అగ్నిమాపక సంఘం పద్ధతి. అందులో 4 అంటే అన్నింటికంటే ఎక్కువ ప్రమాదం, 0 అంటే ప్రమాదం లేనట్టే. ఐక్యరాజ్యసమితి పద్ధతిలో వర్గం 1 అంటేనే ఎక్కువ ప్రమాదం. ఒకే షెడ్డులో, ఒకే రసాయనం మీద, ఒకదానికొకటి తలకిందులుగా ఉండే రెండు లెక్కలు వేలాడుతుంటాయి. ఆ రెండింటి తేడా కెమిస్టుకు తెలుసు. అంకె మాత్రమే చూసి ఎక్కువా తక్కువా తేల్చుకునే మనిషికి ఎవరు చెప్పాలి?

పత్రాలకే పరీక్ష పెడితే

సమాచార పత్రాన్ని మనవాళ్లు ఇంకా పాత పేరుతో ఎంఎస్‌డీఎస్ అనే పిలుస్తారు. దాని మీద పరిశోధనలు చాలానే జరిగాయి, ఫలితాలు మాత్రం నిరాశపరుస్తాయి. 1990లలో అమెరికాలో పరిశోధకులు 150 పత్రాలను పరిశీలించారు. ఆరోగ్యంపై ప్రభావాలు, ప్రథమ చికిత్స, రక్షణ సామగ్రి, అనుమతించే పరిమితులు అనే నాలుగు అంశాల్లోనూ సరిగ్గా ఉన్నవి 11 శాతమే. మిగతావి ఏదో ఒకచోట తప్పుగానో అరకొరగానో ఉన్నాయి. బొమ్మల మీద జరిగిన పరిశోధనలూ ఇలాంటి కథే చెబుతాయి. దక్షిణాఫ్రికా కార్మికుల మీద చేసిన అధ్యయనాల్లో పుర్రె బొమ్మ దాదాపు అందరికీ అర్థమైంది, మిగతా బొమ్మలు మాత్రం చాలామందికి అంతుపట్టలేదు.

పత్రంలో ఉన్న మాట అర్థమైనా అది పనికొచ్చేలా ఉందా అన్నది వేరే ప్రశ్న. 'అనువైన చేతి తొడుగులు ధరించండి' అన్న వాక్యం లెక్కలేనన్ని పత్రాల్లో కనిపిస్తుంది. అనువైనవి అంటే ఏవి? సాల్వెంట్లతో పనిచేసేవాళ్లు మామూలుగా వాడే నైట్రైల్ తొడుగు గుండా డైక్లోరోమీథేన్ కొద్ది నిమిషాల్లోనే చర్మాన్ని చేరుతుంది. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో రసాయన శాస్త్రవేత్త కరెన్ వెటర్‌హాన్ చేతి తొడుగు మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. ఆమె లేటెక్స్ తొడుగులు వేసుకుని ఉన్నారు. ఆ ద్రవం లేటెక్స్‌ను కొన్ని సెకన్లలోనే దాటిపోతుందని తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. 1997 జూన్‌లో ఆమె మరణించారు. ప్రపంచస్థాయి నిపుణురాలికే తొడుగు రకం ప్రాణాంతకమైందంటే, 'అనువైన' అన్న ఒక్క మాటతో హెల్పరుకు ఏ రక్షణా దొరకదు.

అన్నింటికంటే మోసపూరితమైనవి చూడటానికి ఏ హానీ లేనట్టుండే పదార్థాలు. మెత్తటి పౌడర్ల పేలుళ్ల మీద 2006లో అమెరికా రసాయన భద్రతా బోర్డు ఒక అధ్యయనం చేసింది. అలా పేలే స్వభావమున్న పదార్థాలకు చెందిన 140 సమాచార పత్రాలను చూస్తే, 41 శాతంలో పేలుడు ప్రమాదం గురించి ఒక్క ముక్క లేదు. రెండేళ్ల తర్వాత, 2008 ఫిబ్రవరి 7న జార్జియా రాష్ట్రంలోని ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో పంచదార ధూళి పేలి 14 మంది చనిపోయారు. పంచదార తినేదే కదా అన్న ధీమా ప్రమాదాన్ని కప్పేసింది.

ఆ పాఠం 2025 జూన్ 30న మన వాకిట్లోకి వచ్చింది. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు సంభవించి 46 మంది చనిపోయినట్టు గుర్తించారు. ఆచూకీ దొరకని మరో 8 మందినీ చనిపోయినవారిగానే లెక్కించాల్సి వచ్చింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మాత్రలు గట్టిగా నిలవడానికి వాడే తెల్లటి పొడి అది, మనం రోజూ మింగే మందుబిళ్లల్లోనే ఉంటుంది. కారణాల మీద చర్చ ఎలా ఉన్నా, మెత్తటి సేంద్రియ పొడి గాలిలో మేఘంలా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుందన్నది శాస్త్రానికి కొత్త కాదు. కానీ ఐక్యరాజ్యసమితి తొమ్మిది బొమ్మల్లో ధూళి పేలుడుకు ప్రత్యేకమైన బొమ్మ లేదు. అమెరికా నియమం కూడా దీనికి ఒక వాక్యంతోనే సరిపెడుతుంది. సంచి మీద పుర్రె కనబడని చోట ఆ ప్రమాదాన్ని నోటితో చెప్పాల్సిందే.

షెడ్డులో ఏం జరుగుతుంది

పత్రాన్ని, లేబుల్‌ను దాటి మన షెడ్లలోకి వెళితే సమస్యకు కొత్త పొరలు కనిపిస్తాయి.

మొదటిది పేర్లు. మందుల తయారీ చాలా దశల్లో నడుస్తుంది. మధ్యలో తయారయ్యే పదార్థాలకు స్టేజ్ నంబర్లో, కోడ్ పేర్లో పెడతారు. వ్యాపార రహస్యం కాపాడుకోవడానికి అదొక మార్గం. ఫలితంగా మనిషి చేతికొచ్చే సంచి మీద రెండక్షరాలు, ఒక అంకె తప్ప ఇంకేమీ ఉండదు. అది నీళ్లు తగిలితే వేడెక్కేదా, చర్మం మీద పడితే పొక్కేదా అన్నది ఆ కోడ్ చెప్పదు. కొన్న రసాయనానికి పత్రం ఉంటుంది. దారిలో పుట్టే రసాయనానికి పత్రం ఎవరో రాయాలి, చాలాచోట్ల ఆ 'ఎవరో' ఇంకా దొరకలేదు.

రెండోది చేతులు మారే పాత్రలు. పెద్ద డ్రమ్ములోంచి చిన్న క్యాన్లోకి, క్యాన్లోంచి బకెట్లోకి రసాయనం మారుతుంది. లేబుల్ మాత్రం మొదటి డ్రమ్ము మీదే ఉండిపోతుంది. ఖాళీ డ్రమ్ముల్లో మళ్లీ వేరే సాల్వెంటు నింపితే పాత లేబుల్ అబద్ధం చెబుతుంది. అసలు లేబుల్ లేని డ్రమ్ము కంటే తప్పుడు లేబుల్ ఉన్న డ్రమ్మే ప్రమాదం. ఎందుకంటే లేబుల్ లేకపోతే మనిషి కనీసం అనుమానిస్తాడు.

మూడోది కలయికలు. సోడియం సల్ఫైడ్ విడిగా ఒక పదార్థం, యాసిడ్ విడిగా మరొకటి, రెండింటికీ విడివిడి పత్రాలు. రెండూ ఒకే డ్రెయినులో కలిస్తే పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మాత్రం లేబులుండదు, పత్రముండదు, నోటీసుండదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందని అందరికీ తెలుసు. కానీ సుమారు 100 పీపీఎం దాటితే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. వాసన తగ్గిపోయింది కాబట్టి వాయువు పోయిందనుకుని ట్యాంకులోకి దిగినవాళ్లు, వాళ్లను పైకి లాగడానికి దిగినవాళ్లు ఒకరి మీద ఒకరు పడి చనిపోయిన ఘటనలు వ్యర్థజలాల ట్యాంకుల దగ్గర పదేపదే జరుగుతున్నాయి. నైట్రోజన్ది ఇంకా మాయ. దానికి రంగు లేదు, వాసన లేదు, విషమూ కాదు. రియాక్టరులో ఆక్సిజన్‌ను తరిమేసి, లోపలికి తల పెట్టిన మనిషిని కొద్ది క్షణాల్లో పడేస్తుంది. ఇలాంటి చోట్ల పనికొచ్చే సమాచారం ఒక్కటే: 'మీటరు పెట్టి చూడకుండా లోపలికి తల పెట్టవద్దు. తోటివాడు పడిపోతే వెంటనే దిగవద్దు.'

నాలుగోది భాష. పాత ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ నోటీసులు ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలంది. 1948లో అది సరిపోయింది. ఇప్పుడు పాశమైలారంలోనో అచ్యుతాపురంలోనో ఒకే షిఫ్టులో తెలుగు, ఒడియా, హిందీ, భోజ్‌పురి, బెంగాలీ మాట్లాడేవాళ్లు పక్కపక్కనే పనిచేస్తారు. 'ఎక్కువమంది' అన్న లెక్కలో పడని మనిషికి చట్టం ఏ భాషా కేటాయించలేదు. పైగా ఆయన చదవలేకపోతే ఏ లిపిలో రాసినా ఒకటే. గల్ఫ్ దేశాలకు వెళ్లిన మన తెలుగు కార్మికుడు అరబ్బీ బోర్డు ముందు ఎంత నిస్సహాయుడో, మన తెలుగు బోర్డు ముందు ఒడిశా కార్మికుడూ అంతే నిస్సహాయుడు.

ఐదోది అలవాటు. కొత్తగా చేరిన కుర్రాడు 'అన్నా, కళ్లు మండుతున్నాయి' అంటే పాతవాడు 'కొత్తల అంతే తమ్మీ, అలవాటైతది' అంటాడు. ఆప్యాయంగా చెప్పిన ఆ ఒక్క మాట శిక్షణ తరగతిలో చెప్పిందంతా చెరిపేస్తుంది. చేరిన రోజున గంటసేపు స్లైడ్లు చూపించి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, హెల్మెట్ ఇచ్చి పంపిస్తే శిక్షణ పూర్తయినట్టు ఫైల్లో నమోదవుతుంది. అసలు శిక్షణ మర్నాడు షెడ్డులో పాతవాడి నోటితో మొదలవుతుంది. దాని గురించి ఏ తనిఖీలోనూ అడగరు.

సైరన్ మోగని తెల్లవారుజాము

చెప్పాల్సిన సమాచారం రెండు రకాలు. ఒకటి నింపాదిగా ముందే చెప్పేది, మరొకటి ఆ క్షణంలో చెప్పాల్సింది. రెండోది విఫలమైతే ఏమవుతుందో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురం చూసింది. లాక్‌డౌన్ కారణంగా మూతపడి, తిరిగి తెరవడానికి సిద్ధమవుతున్న ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ నిల్వ ట్యాంకు వేడెక్కి ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా గట్టిపడే స్వభావం గలది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మరింత గట్టిపడేలా చేస్తుంది. దీన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, ట్యాంకును చల్లగా ఉంచుతారు. ఇదంతా స్టైరీన్ సమాచార పత్రంలో ఉండే సంగతే. నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని హైపవర్ కమిటీ ఆ ఏడాది జూలైలో ఇచ్చిన నివేదిక నిరోధకం, చల్లదనం, ఉష్ణోగ్రత పర్యవేక్షణ ఈ మూడింట్లోనూ లోపాలున్నాయని చెప్పింది. కర్మాగారంలో గేటు దగ్గరతో సహా 36 చోట్ల అలారం ఏర్పాట్లున్నా సైరన్ మోగించలేదనీ ఎత్తి చూపింది. నిద్రలో ఉన్న జనాన్ని లేపింది వాసన, పక్కింటివాళ్ల కేకలు.

ఇక్కడ పత్రం లోపం లేదు, అలారం పరికరాల లోపమూ లేదు. ఏ దశలో, ఎవరు, ఎవరినీ అడగకుండా సైరన్ మోగించవచ్చన్నది స్పష్టంగా లేకపోవడమే లోపం. భోపాల్‌లో టీ తర్వాత చూద్దామన్న నిర్ణయం నుంచి వెంకటాపురంలో మోగని సైరన్ దాకా ఇదే లంకె కనిపిస్తుంది. ప్రమాదం ఉందని తెలిసినవాడికి దాని మీద నిర్ణయం తీసుకునే అధికారం లేదు. అధికారం ఉన్నవాడి చెవికి మాట ఆలస్యంగా చేరుతుంది.

చట్టం ఆగిపోయిన గుమ్మం

ఫ్యాక్టరీల చట్టం 41హెచ్ సెక్షన్ కార్మికుడికి ఒక హక్కు ఇచ్చింది. ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ ముప్పు ఉందని సహేతుకంగా అనిపిస్తే నేరుగా గానీ, భద్రతా కమిటీ ద్వారా గానీ యాజమాన్యం దృష్టికి తేవచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పవచ్చు. యాజమాన్యం వెంటనే సరిదిద్దాలి. కొత్త కోడ్ కూడా ఇదే దారిలో నడిచింది. చెప్పవచ్చు, సరే. చెప్పాక, వాళ్లు సరిదిద్దేలోగా ఆయన ఎక్కడ నిలబడాలి? ఆ ట్యాంకు పక్కనేనా? ఆ ప్రశ్నకు చట్టంలో సూటి జవాబు లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో చేసిన 170వ ఒప్పందం, అంటే రసాయనాల ఒప్పందం, ఇక్కడ ఒక అడుగు ముందుకు వేసింది. తక్షణ ముప్పు ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే కార్మికుడు అక్కడినుంచి తప్పుకోవచ్చని, అలా తప్పుకున్నందుకు ఆయనకు ఏ నష్టమూ జరగకూడదని 18వ అధికరణం చెబుతుంది. పెద్ద పారిశ్రామిక ప్రమాదాల నివారణకు సంబంధించిన 174వ ఒప్పందాన్ని 2008లో ఆమోదించిన భారతదేశం, 170వ ఒప్పందాన్ని ఆమోదించలేదు.

కాంట్రాక్టు కార్మికుడి విషయంలో ఈ ఖాళీ మరింత లోతు. పని ఆపమని ఆయన ఎవరికి చెప్పాలి? కాంట్రాక్టరు షెడ్డులో ఉండడు, షిఫ్ట్ ఇన్‌చార్జి ఆయన యజమాని కాడు. ఎక్కువ ప్రశ్నలు అడిగే మనిషిని మర్నాడు కాంట్రాక్టరు తీసుకురాకపోతే అది ఏ రికార్డులోనూ తొలగింపుగా కనిపించదు. తెలిసిన ప్రమాదాన్ని నోరు మూసుకుని భరించడం తెలియని ప్రమాదంలో పడటం కంటే మెరుగైన స్థితేమీ కాదు.

ఏది పనిచేస్తుంది

ఇన్నేళ్ల అనుభవంలో పనిచేసినవి ఏమంత ఖరీదైనవి కావు. శిక్షణ అయ్యాక సంతకం పెట్టించుకోవడానికి బదులు, విన్నదాన్ని తిరిగి చెప్పమని అడగడం అందులో మొదటిది. 'ఈ డ్రమ్ములో ఏముంది? నీ మీద పడితే మొదట ఏం చేస్తావు? షవర్ ఎటుంది? ఎవరికి చెబుతావు?' ఈ నాలుగు ప్రశ్నలకు మనిషి తన మాటల్లో జవాబు చెప్పగలిగితే శిక్షణ జరిగినట్టు. చెప్పలేకపోతే తప్పు నేర్పినవాడిదే.

రెండోది, సమాచారం పని జరిగేచోటే ఉండటం. ఆఫీసు బీరువాలోని పదహారు భాగాల పత్రం ఇన్‌స్పెక్టరు కోసం. మ్యాన్‌హోల్ పక్కన నాలుగైదు పంక్తుల్లో, తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో, బొమ్మలతో ఉండే చిన్న బోర్డు హెల్పరు కోసం. ఏ తొడుగో పేరుతో, రంగుతో చెప్పాలి. మూడోది, షిఫ్టు మారేటప్పుడు ముఖాముఖి అప్పగింత. ఏ వాల్వు లీకవుతోంది, ఏ రియాక్టరు వేడెక్కుతోంది, ఏ డ్రమ్ములో ఏం మార్చారు అన్నవి లాగ్‌బుక్‌లో రాస్తే చాలదు, నోటితో చెప్పాలి. నాలుగోది, కొద్దిలో తప్పిన ప్రమాదాల గురించి చెప్పినవాడిని తిట్టకపోవడం. వాసన ముందు పట్టేది, చేతికి వేడి ముందు తగిలేది, మోటారు శబ్దంలో మార్పు ముందు వినిపించేది కింద పనిచేసేవాడికే. సమాచారం కిందినుంచి పైకి రావడానికి దారి లేకపోతే పైనుంచి కిందికి పంపినదంతా సగం వృథా.

అయితే సమాచారానికి ఒక హద్దుంది. భద్రతా శాస్త్రం చెప్పే వరసలో ప్రమాదకర పదార్థాన్ని తీసేయడం, తక్కువ హానికరమైనదాన్ని వాడటం, మూసిన వ్యవస్థలు, కలుషితమైన గాలిని బయటికి లాగే ఏర్పాట్లు ముందొస్తాయి. హెచ్చరికలు, శిక్షణ, తొడుగులు చివరి మెట్లు. ఎన్నో చోట్ల బెంజీన్ స్థానంలో టోలుయీన్ రావడంతో వచ్చిన రక్షణ, బెంజీన్ డ్రమ్ము మీద ఎంత పెద్ద పుర్రె వేసినా వచ్చేది కాదు. యంత్రాలు, పదార్థాలు మార్చాల్సినచోట బోర్డులు పెంచి, బాధ్యతను కార్మికుడి భుజం మీదికి మళ్లించే అలవాటు కూడా మనకు కొత్త కాదు.

కొత్త కోడ్ కింద నిబంధనలు రూపొందించుకునే బాధ్యత రాష్ట్రాల మీద ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇక్కడ మూడు పనులు చేయవచ్చు. తనిఖీకి వచ్చిన అధికారి ఫైళ్ల కంటే ముందు షెడ్డులో ఏ హెల్పరునైనా ఎంచుకుని ఆ నాలుగు ప్రశ్నలు అడగాలని నిర్దేశించవచ్చు. నోటీసులు 'ఎక్కువమందికి' కాకుండా షెడ్డులో పనిచేసే ప్రతి భాషవారికీ అందాలని, కోడ్ పేర్లతో ఉండే మధ్యంతర పదార్థాలకూ ప్రమాదాన్ని చెప్పే లేబుల్ ఉండాలని కోరవచ్చు. ఇక మూడోదే అసలైనది. తక్షణ ముప్పు కనిపించినప్పుడు వాల్వు కట్టేసే, సైరన్ మోగించే, పక్కకు తప్పుకునే అధికారం కాంట్రాక్టు కార్మికుడితో సహా అందరికీ ఉందని రాతపూర్వకంగా ప్రకటించాలి. ఒక్కోసారి ఆ మనిషి అంచనా తప్పు కావచ్చు, ఒక బ్యాచ్ పాడు కావచ్చు. ఆ నష్టం యాజమాన్యం ఖాతాలో పడాలి తప్ప కార్మికుడి జీతంలో కాదు. ఆ షరతు ఉన్నప్పుడే లేబులూ పత్రమూ శిక్షణా కార్మికుడి చేతిలో ఆయుధాలవుతాయి. అది లేనంతకాలం అవి యాజమాన్యం దగ్గరుండే సాక్ష్యాలు మాత్రమే.